జిరార్దూఫ్ నార బట్ట: పొందూరు కంటితో ఒక పరిశీలన

వార్సాలో చదువుకుంటున్న మా మేనకోడలు సెలవులకు శ్రీకాకుళం వస్తూ, ఆ నగరానికి నైరుతి దిక్కున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న జిరార్దూఫ్ పట్టణంలో కొన్న తెల్లని లినెన్ టేబుల్ క్లాత్ ఒకటి మాకు తెచ్చింది. రెండు నెలలు వాడి, ఆరుసార్లు ఉతికిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

లినెన్ అంటే అవిసె కాండం నుంచి తీసిన నార. మన పల్లెల్లో గోగు కట్టలను చెరువులో ఊరవేసినట్టే దానినీ నానబెట్టి నార తీస్తారు. దానిని యంత్రం మీద సన్నగా వడకడం చాలాకాలం ఎవరికీ సాధ్యపడలేదు. 1810లో నెపోలియన్ పది లక్షల ఫ్రాంకుల బహుమానం ప్రకటించినప్పుడు ఫిలిప్ ద జిరార్ అనే ఫ్రెంచి ఇంజనీరు నారను తడిపి వడికే యంత్రాన్ని తయారుచేశాడు గాని, ఆ సొమ్ము ఆయనకు దక్కనే లేదు. ఆ తరువాత ఆయన పోలండు చేరాడు. వార్సా శివార్లలో పెట్టిన నార మిల్లు 1833లో రూదా గుజోవ్‌స్కా గ్రామానికి తరలింది. జిరార్ పేరే పోలిష్ నోట కాస్త మారి ఊరి పేరయింది.

1857లో మిల్లు హీలే, డిట్రిఖ్ అనే వ్యాపారుల చేతికి వచ్చాక కార్మికుల ఇళ్లు, బడి, ఆసుపత్రి, బట్టలుతికే శాల ఎర్ర ఇటుకలతో దాని చుట్టూ లేచాయి. ఇన్ని వసతులు కల్పించిన యాజమాన్యమే 1883లో కూలి తగ్గించబోతే, కండెలు చుట్టే ఆడవాళ్లు ముందుగా పని ఆపారు. వేలమంది వారి వెంట నడిచారు. సైనికులు కాల్పులు జరిపారు. ఇంత జరిగిన ఊరికి పట్టణ హోదా 1916లో గాని రాలేదు. ఇప్పుడు పాత నూలు మిల్లులో జనం ఫ్లాట్లు కొనుక్కుని కాపురముంటున్నారు.

ఇక బట్ట సంగతి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, జీవితమంతా నూలు వడికిన మా పెద్దమ్మ దానిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "దారం మరీ ఒక్కలాగే ఉందిరా" అంది. అది మెప్పో తప్పో ఆమె చెప్పలేదు. నాకు మాత్రం నేత చిక్కగా, చల్లగా అనిపించింది. నీటిచుక్క పడిన క్షణంలోనే ఇంకిపోతుంది, మన ఉక్కపోతలోనూ త్వరగా ఆరుతుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతోంది. అయితే ముడత ఒక పట్టాన పోదు. తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయాలి. పులుసు గిన్నె తిరిగే ఇంట్లో తెల్ల బట్ట పరచడం మా సాహసమే గాని, పసుపు మరకకు దానిని నిందించలేను.

నిందించవలసినవి రెండున్నాయి. 180 జ్లోటీలు, అంటే మన లెక్కలో 4,000 రూపాయలు దాటిన బట్టకు మూడో ఉతుకులోనే అంచు కుట్టు ఊడిపోయింది. పైగా లేబుల్ మీద ఊరి పేరు పెద్దగా వేసిన దుకాణం, నేత ఎక్కడ జరిగిందో ఎక్కడా రాయలేదు. కొనదలచినవారు ఆ మాట అడిగి, అంచు లాగి చూసి మరీ కొనాలి.