మైక్రో పీడీపీ-11/23తో ఆరేళ్లు: పిడి మీది అంకె, పక్కన ఖాళీ స్థానం

మైక్రో పీడీపీ-11/23 అనేది 1980ల నాటి మినీకంప్యూటర్. ఈ యంత్రం నల్లగొండలో మా దుకాణానికి చేరిన కొత్తలో వచ్చినవారందరికీ దాని బోర్డుల పిడులే చూపించేవాణ్ని. ముప్పై ఏళ్లుగా గడియారం చౌరస్తా దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాను. ఊరూపేరూ లేని బోర్డును ముందు పెట్టుకుని, అది దేనిదో తెలియక సగం రోజు పోగొట్టుకున్న సందర్భాలు లెక్కలేనన్ని. దీన్ని తయారుచేసిన డెక్ (డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్) సంస్థవారు మాత్రం ప్రతి బోర్డు పిడి మీదా ఒక అంకె వేశారు. ఎం8189 అంటే ప్రాసెసర్. ఎం8067 అంటే మెమరీ. ఎం8043 అంటే నాలుగు సీరియల్ లైన్లు, అంటే టెర్మినళ్లు తగిలించే దారులు. ఎం8639 అంటే డిస్కు కంట్రోలర్. 1960ల నాటి వారి చిన్న బోర్డుల్లో అక్షరాన్ని బట్టి పిడి రంగు కూడా మారేది: ఎం అయితే మెజెంటా, జి అయితే ఆకుపచ్చ. ఇంత శ్రద్ధగా చేసిన పనిని నా వృత్తిలో నేను మరెక్కడా చూడలేదు.

ఆ మెచ్చుకోలు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ అంకె ఒక్కటి చదివితే చాలు అన్న మాట మాత్రం ఇక అనను.

రెండో ఏడాది వేసవిలో సీరియల్ బోర్డు ఒకటి దొరికింది. అప్పటికి మొదటి స్లాటులో ప్రాసెసర్, రెండు, మూడు స్లాట్లలో మెమరీలు, నాలుగులో డిస్కు కంట్రోలర్ ఉన్నాయి. కొత్తదాన్ని కంట్రోలర్ వెనుక పెట్టాను. యంత్రం లేచింది, డిస్కు చదివింది, కొత్త లైన్ల మీద మాత్రం ఒక్క అక్షరం రాలేదు. బోర్డు చెడిపోయిందనుకుని చిప్పులు మార్చాను. నిజానికి కంట్రోలర్ పిడి మీద ఎం8639 తర్వాత వైఏ అని ఉంది. అరిగిపోయి ఉండటంతో పట్టించుకోలేదు. వైఏ అంటే ఆర్‌క్యూడీఎక్స్1 అనే రకం కంట్రోలర్. మెమరీని నేరుగా వాడుకోవడానికో, ప్రాసెసర్‌ను పిలవడానికో బోర్డులకు ప్రాసెసర్ ఇచ్చే అనుమతిని అది తన వెనుక ఉన్న బోర్డుకు అందించదు, అందుకే వరుసలో చివరనే ఉండాలి. వైబీ అయితే ఆ ఇబ్బంది లేదు. అమ్మిన వ్యాపారి అది వైబీయే అని గట్టిగా చెప్పాడు, నేను నమ్మాను.

సంగతి తెలిశాక సీరియల్ బోర్డును నాలుగో స్లాటుకు, కంట్రోలర్‌ను అయిదుకు మార్చాను. ఈసారి డిస్కు పూర్తిగా చచ్చింది.

ఇక్కడే నాకు మూడు నెలలు పోయాయి. హాల్ట్ బొత్తాం నొక్కి, టెర్మినల్ మీద @ గుర్తు రాగానే కంట్రోలర్ చిరునామా 772150/ కొడితే కంట్రోలర్ విలువ చూపిస్తోంది. ఆ చిరునామాలో బోర్డు లేకపోతే ప్రశ్నార్థకం రావాలి. అది రాలేదు కాబట్టి బోర్డు బతికే ఉందని, డిస్కే పోయిందని తేల్చుకున్నాను. పవర్ సప్లై కెపాసిటర్లు మార్చాను. డిస్కు కేబుళ్లు కొత్తవి చేశాను. మే నెల ఎండలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మధ్యాహ్నాల్లో ఈ పనులన్నీ చేశాను. ఏదీ ఫలించలేదు.

కారణం సీరియల్ బోర్డు వెడల్పు. అది సగం వెడల్పుది, స్లాటులో ఏ, బీ, సీ, డీ అనే నాలుగు భాగాలుంటే ఏ, బీలనే ఆక్రమిస్తుంది. ఈ పెట్టెలో నాలుగో స్లాటు నుంచి అనుమతి తీగ పాము నడకన పోతుంది: నాలుగులో ఏబీ, తర్వాత పక్కనే ఉన్న సీడీ, అక్కణ్నుంచి అయిదులో సీడీ, ఆ తర్వాత అయిదులో ఏబీ. నేను నాలుగులో సీడీని ఖాళీగా వదిలాను. గొలుసు అక్కడ తెగింది. ప్రాసెసర్ తానుగా వెళ్లి పలకరిస్తే కంట్రోలర్ బదులిస్తుంది, దానికి అనుమతి అక్కర్లేదు. కానీ డిస్కు సమాచారాన్ని తానే మెమరీలో వేయాలన్నా, ఇంటరప్ట్ (పని ఉందని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) ఇవ్వాలన్నా అనుమతి తన దాకా రావాలి. పరీక్షలో బతికున్నట్టు కనిపించి పనిలో చచ్చినట్టు ఉండటం అందుకే. ఏటా వినాయక చవితికి సీరియల్ బల్బులు కట్టిచ్చే మా మేనల్లుడు స్లాట్లు చూసి, "మామయ్యా, ఇక్కడ ఒకటి ఊడినట్టుంది కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఖాళీ పూడ్చడానికి డెక్‌వారే ఎం9047 అనే కార్డు చేశారు. నాకు దొరకలేదు. పాడైన సగం వెడల్పు బోర్డు ఒకటి తీసుకుని, దాని భాగాలన్నీ తొలగించి, రాగి దారులు కోసేసి, ఏఎం2 పిన్నును ఏఎన్2తోను, ఏఆర్2 పిన్నును ఏఎస్2తోను రెండు తీగ ముక్కలతో టంకం పెట్టి కలిపాను. పక్క పిన్నుకు ఎక్కడా తగలడం లేదని మీటరుతో చూసుకున్నాకే స్లాటులో పెట్టాను. ఆ సాయంత్రమే డిస్కు లేచింది. నాలుగేళ్లుగా ఆ ముక్క అక్కడే ఉంది.

బోర్డుల పంటి అంచులను ఎరేజర్‌తో రుద్దవద్దు. బంగారు పూత పలుచన. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు బట్ట చాలు. రాగి పొర మీద 50తో మొదలయ్యే అంకె కనిపిస్తే అది భాగాలు లేని ఖాళీ పలకది, దాంతో బోర్డును గుర్తుపట్టబోవద్దు.

ఇలాంటి యంత్రం కొనవచ్చా అని అడిగితే నా జవాబు నా దుకాణం చూసి ఇచ్చేదే. నా దగ్గర మీటరు ఉంది, టంకం పని చేతికి అలవాటు, మూడు నెలలు అది నడవకపోయినా నా బతుకుదెరువు ఆగలేదు. ఇవి లేనివారైతే, బోర్డులను ఎవరూ కదిలించని యంత్రం దొరికితేనే తీసుకోవాలి. ఏ స్లాటులో ఏది ఉందో, ఏ సగం నిండిందో కాగితం మీద గీసుకునేదాకా ఒక్క బోర్డు కూడా బయటికి లాగవద్దు. నేను గీసుకున్న కాగితం ఇప్పుడు పెట్టె మూత లోపల అంటించి ఉంది.