అసర్ వేళ చెప్పే యాప్: ఒక్క సెట్టింగులో రెండు మజ్‌హబులు

నమాజు వేళలు తెలిపే ఒక ఉచిత యాప్‌ను రెండేళ్లుగా హైదరాబాదులో వాడుతున్నాను. ఖిబ్లా దిక్కు, హిజ్రీ తేదీ వంటివి ఇలాంటి యాప్‌లన్నిటిలోనూ ఉండేవే కనుక వాటిని వదిలేసి, నాకు నచ్చిందీ నొచ్చిందీ కూడా తానే అయిన అసర్ (మధ్యాహ్నం దాటాక, సూర్యాస్తమయానికి ముందు చేసే నమాజు) సెట్టింగు గురించే రాస్తాను.

అసర్ ఎప్పుడు మొదలవుతుందన్నది ఫిఖ్‌లో, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రంలో, దాని మజ్‌హబుల (సంప్రదాయాల) మధ్య పాత భేదమే. మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ ఆ వస్తువంత పొడవైతే చాలని షాఫిఈ, మాలికీ, హంబలీ మజ్‌హబులు అంటే, రెండింతలు కావాలని హనఫీ మజ్‌హబ్‌కు మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఈ తేడా మన ఊళ్లో చలికాలంలో సుమారు ముప్పావుగంట, మే నెలలో గంటంబావు దాకా ఉంటుంది. నగరంలో ఎక్కువ మసీదులు హనఫీ పద్ధతివి కాగా, నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసులు ఉండే బార్కస్‌లో షాఫిఈ పద్ధతి నడుస్తుంది. రెండింటినీ పక్కపక్కనే ఉంచి ఎంపిక మనకే వదిలినందుకు యాప్ తయారీదార్లను మెచ్చుకోవాలి. మాలికీ మజ్‌హబ్‌కు మూలపురుషుడైన ఇమామ్ మాలిక్ గ్రంథాన్నే రాజ్యమంతటికీ శాసనం చేస్తానని ఖలీఫా మన్సూర్ అన్నప్పుడు, ఆ ఇమామే వారించారని చరిత్రకారులు రాశారు. ఆ సంయమనం ఈ తెరమీద కొంతైనా కనిపిస్తుంది.

కొంతే అనడానికి కారణముంది. ఒక మీటకు 'హనఫీ' అనీ, రెండోదానికి 'ప్రామాణికం' అనీ పేరు పెట్టారు. అంటే హనఫీలది ప్రమాణం కాదనా? ఆ మూడు మజ్‌హబుల పేర్లే రాస్తే సరిపోయేది.

నిరుడు మే నెలలో బార్కస్‌లో ఒక మిత్రుని ఇంటికి వెళ్లి, నాలుగు గంటల జమాత్‌లో (సామూహిక నమాజులో) అసర్ ముగించుకుని చాయ్ తాగుతుండగా, నాలుగూ ముప్పావుకు జేబులోని ఫోన్ అజాన్ అందుకుంది. మిత్రుని తండ్రిగారు నవ్వి, "మీ ఇమామ్ సాబ్ శిష్యులిద్దరూ మా మాటే అన్నారు బేటా, పాపం నీ ఫోన్‌కు ఆ సంగతి తెలియదు" అన్నారు. నిజమే, అబూ హనీఫా శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఒక్కింత నీడ చాలన్నవారే. ఒకే మజ్‌హబ్ లోపలి ఈ వెసులుబాటును యాప్ రెండు వాక్యాల్లో వివరించి ఉండవచ్చు.

నాకు మరింత ఇబ్బందిగా తోచింది వేరే ఉంది. అసర్‌కు ముందటి మధ్యాహ్న నమాజైన జుహర్ ఆలస్యమైన రోజు హనఫీకి, అసర్ త్వరగా ముగించుకుని బయలుదేరాలనుకున్న రోజు షాఫిఈకి ఒక్క తాకుడుతో మారిపోవచ్చు. భేదాన్ని గౌరవించిన ఉలమాలే (ధర్మపండితులే), అవసరమేమీ లేకుండా ప్రతిచోటా తేలికైనదాన్ని ఏరుకుంటూ పోవడాన్ని గట్టిగా ఆక్షేపించారు. మీటను తీసేయమని నేననను. మార్చేటప్పుడు ఒక చిన్న హెచ్చరిక చాలు.

ప్రకటనల బెడద మామూలే. అయిదుకు మూడున్నర ఇస్తాను. నా ఫోన్‌లో సెట్టింగు హనఫీగానే ఉంచుకున్నాను. బార్కస్ వెళ్లే రోజున మాత్రం అజాన్ శబ్దం ఆపేసి, అక్కడి ముఅజ్జిన్ పిలుపు వింటున్నాను.