రెండు ప్రశ్నలా, తొమ్మిదా? పనిచోట డిప్రెషన్ పరీక్ష

విశాఖలో ఫ్యాక్టరీ అయినా, రుషికొండ ఐటీ ఆఫీసైనా, ఏటా జరిగే హెల్త్ చెకప్‌లో డిప్రెషన్ లక్షణాలు పసిగట్టడానికి వాడదగ్గ ఫారాలు రెండు: రెండు ప్రశ్నల పీహెచ్‌క్యూ-2, తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9. రెండూ గత 2 వారాల గురించే అడుగుతాయి. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 మార్కులు.

చిన్నదాంట్లో అడిగేవి దిగులు, ఆసక్తి తగ్గడం, అంతే. షిఫ్టు మారే హడావిడిలోనూ నిమిషంలో అయిపోతుంది. 6కి 3 వచ్చినా, దాటినా పెద్ద ఫారం ఇవ్వాలి. అయితే ఇది ఆత్మహత్య ఆలోచనల జోలికే పోదు.

పెద్దదాంట్లో 27కి 10 వచ్చినా, దాటినా డాక్టరు చూడాలి. మార్కులే రోగనిర్ధారణ కాదు. నైట్ షిఫ్టు వాళ్లకు నిద్ర, అలసట ప్రశ్నల్లో మార్కులు ఊరికే పెరుగుతాయి. ఇలాంటి లక్షణాలే తెచ్చే థైరాయిడ్ సమస్య, రక్తహీనత ఉన్నాయేమో కూడా చూడాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది వచ్చినా, మొత్తంతో పనిలేకుండా ఆ రోజే విడిగా మాట్లాడాలి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ముందే రాసిపెట్టుకోవాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఫారం పంచకపోవడమే నయం.

మా ఓటు: జనం ఎక్కువైతే ముందు చిన్నది, ఆనక పెద్దది. ఏదైనా సరే, కాగితం హెచ్‌ఆర్ చేతికి పోతుందని తెలిస్తే అందరూ సున్నాలే పెడతారు. డాక్టరు డిప్రెషన్‌కు మందులు మొదలెడితే గుణం కనపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. చాలామంది మధ్యలో మానేసేది ఇక్కడే.