మేయర్‌కు జనం నేరుగా ఓటేయడం మేలా, కార్పొరేటర్లు ఎన్నుకోవడమా?

తిరుపతిలో 50 డివిజన్లు. మనం కార్పొరేటర్‌కు ఓటేస్తాం. వాళ్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు (పదవి వల్ల ఓటున్న ఎమ్మెల్యే, ఎంపీలాంటి వాళ్లు) చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. 2002లో హైదరాబాద్ మేయర్‌ను జనమే ఎన్నుకున్నారు.

కులం లెక్క: నేరుగా అయితే బలిజ, యాదవ, దళిత, ముస్లిం ఓట్లలో ఏ ఒక్కటీ చాలదు, అన్ని గడపలూ తొక్కాల్సిందే. కార్పొరేటర్‌కైతే డివిజన్లో నాలుగు వీధులు కూడగడితే సరి.

ఖర్చు: నేరుగా అయితే ఊరంతా ప్రచారం. కార్పొరేటర్లు ఎన్నుకుంటే, ఫలితాలయ్యాక వాళ్లు చేజారకుండా క్యాంపులు.

వివాదం: నేరుగా అయితే అభ్యర్థిపై కేసులుంటే ఓటరే నిలదీస్తాడు. కార్పొరేటర్లు ఎన్నుకుంటే మేయర్ పేరు తరచూ పోలింగ్ అయ్యాకే తేలుతుంది, అడిగే వీలెక్కడ? నా దృష్టిలో ఇదే పెద్ద లోటు.

ముప్పు: నేరుగా గెలిచినా కౌన్సిల్‌లో మెజారిటీ లేకుంటే బడ్జెట్ కదలదు.

అన్ని వర్గాలకూ జవాబు చెప్పే మేయర్ కావాలంటే నేరుగా ఓటు. ఒకే పేటలో ఉండే చిన్న వర్గానికి కౌన్సిల్‌లో గొంతు కావాలంటే డివిజన్ ఓటే ఆసరా.