యార్క్‌లో బుల్లి రైళ్లు, గెస్ట్‌హౌస్‌లో ఆవకాయ గొడవ

ఈస్టర్ సెలవులకి ఇంగ్లండ్‌లోని యార్క్ వెళ్లొచ్చాం. అక్కడి రైలు నమూనాల ప్రదర్శనకి నూటికి నూరు, మేం దిగిన గెస్ట్‌హౌస్‌కి గుండు సున్నా. పిల్లల్నో పెద్దవాళ్లనో వెంటబెట్టుకుని వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

వెళ్లింది నలుగురం: నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా వాడు, మా దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన మా మామయ్య. ఆయన కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. "జిందగీ అంతా అసలు బండ్లు నడిపినోణ్ని, బొమ్మ బండ్లు చూడనీకి ఇంత దూరం పోవాల్నా అల్లుడూ?" అని రైలెక్కేదాకా సణుగుతూనే ఉన్నారు. మేముండే పీటర్‌బరో నుంచి అజూమా అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటంపావు. ఫ్యామిలీ రైల్‌కార్డు 35 పౌండ్లు. పెద్దల టికెట్‌లో మూడో వంతు, పిల్లల టికెట్‌లో 60 శాతం తగ్గుతుంది కాబట్టి కార్డు డబ్బులు ఆ ఒక్క ప్రయాణంలోనే తిరిగొచ్చేశాయి.

ప్రదర్శన జరిగేది ఊరి చివర రేస్‌కోర్సులో. జనం కూర్చుని గుర్రప్పందేలు చూసే స్టాండ్ భవనంలోనే, ఒక అంతస్తు తర్వాత ఇంకో అంతస్తుగా లేఅవుట్లు, అంటే పట్టాలూ స్టేషన్లతో బల్లల మీద కట్టిన బుల్లి రైల్వేలు, పరిచేస్తారు. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఇలాంటి చోట సగానికి సగం ఆవిరి ఇంజన్ల కాలమే ఉంటుంది: పల్లెటూరి స్టేషన్, పాలక్యాన్లు, గొర్రెల మంద. చూడ్డానికి బానే ఉంటాయిగానీ మా వాడికి కావాల్సింది వాడు రోజూ పీటర్‌బరో ప్లాట్‌ఫారం మీద చూసే బళ్లు. అందుకే గేటు దగ్గర ప్రదర్శన పుస్తకం తీసుకుని, కొత్తకాలం లేఅవుట్లకి ముందే టిక్కులు పెట్టుకుని ఎక్కాం. మీరూ అలాగే చెయ్యండి, లేకపోతే మధ్యాహ్నానికే కాళ్లు పడిపోతాయి.

మొదటి లేఅవుట్ దగ్గరే మామయ్య వంగి చూసి, "పట్టాలు దగ్గరదగ్గరున్నయ్ కదా" అన్నారు. మన బ్రాడ్ గేజ్‌కి అలవాటుపడ్డ కళ్లు కదా, అలాగే అనిపిస్తుందిలే అనుకున్నాను. కాదు, ఆయన మాటే నిజం. బ్రిటన్‌లో ఎక్కువమంది కట్టే ఓఓ గేజ్‌లో బండి అసలుదానిలో 76వ వంతు. ఆ లెక్కన పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, ఉండేది 16.5. ఇక్కడి ఇంజన్లు సన్నవి. ఒకప్పటి మోటార్లు వాటిలో పట్టక, పట్టాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి బండి ఒళ్లు మాత్రం కాస్త పెంచారు. ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

మమ్మల్ని కట్టిపడేసింది ఒక గూడ్స్ యార్డు. ప్రయాణికుల స్టేషన్ లేదు, పచ్చిక బయళ్లు లేవు. కంటైనర్ల బళ్లు, సిమెంటు స్లీపర్లు, ఇనప కంచె, వంతెన గోడ మీద కుర్రాళ్లు గీసిన పిచ్చి రాతలు. కంచె అవతలి కాలవలో ఒక సూపర్‌మార్కెట్ ట్రాలీ తిరగబడి ఉంది. పట్టాల పక్కన నారింజ జాకెట్లలో నలుగురు పనివాళ్లు, ఒకడి చేతిలోనే పార, మిగతా ముగ్గురూ చూస్తున్నారు. "ఇది మాత్రం అసలు రైల్వేనే" అన్నారు మామయ్య.

అంతలో ఒక గూడ్సు ఎర్ర సిగ్నల్ దాటి సాగిపోయింది. "స్పాడ్! రెడ్ కొట్టిండు!" అని ఈయన పెట్టిన కేకకి పక్కనున్నవాళ్లంతా తిరిగి చూశారు. మా ఆవిడకి ప్రాణం చచ్చిపోయింది. తెర వెనకనుంచి డెబ్బై దాటిన ఒకాయన బయటికొచ్చి సంగతేమిటని అడిగితే నేను వివరించాను. ఆయన పడీపడీ నవ్వి, మామయ్యని లోపలికి పిలిచి కంట్రోలర్ చేతిలో పెట్టాడు.

అక్కడున్నది క్లాస్ 66 డీజిల్, ఇక్కడి గూడ్సు బళ్లు లాగే ఇంజన్. స్పీకర్ ఉన్న మోడల్ కావడంతో స్టార్ట్ చెయ్యగానే ఇంజన్ గుర్రుమంది. మామయ్య చెవి ఒగ్గి ఓ క్షణం ఆగి, "అరె, ఇది మన డబ్ల్యూడీజీ-4 గొంతు!" అన్నారు, మన దేశంలో గూడ్సులు లాగే డీజిల్ ఇంజన్ అది. ఇద్దరు ముసలాళ్లూ సెల్‌ఫోన్లో వెతికి చూశారు. రెండూ అమెరికా కంపెనీ ఈఎండీ డిజైన్లే, రెండిట్లోనూ 710 రకం టూ-స్ట్రోక్ ఇంజనే. దీనిలో 12 సిలిండర్లు, మనదానిలో 16, అంతే తేడా. అసలు ఇంజన్ దగ్గర రికార్డు చేసిన చప్పుడే చిప్‌లోకి ఎక్కిస్తారట. మా మామయ్య చెవికి అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఆయన నడిపిన తీరు చూసి తీరాలి. వంతెనకి ముందు హారన్, యార్డులోకి వచ్చేటప్పుడు నెమ్మది. కంట్రోలర్ తగ్గించగానే బండి ఠక్కున ఆగకుండా ఇంకాస్త జారి ఆగడం ఆయనకి తెగ నచ్చింది. డిజిటల్ కంట్రోల్లో ప్రతి ఇంజన్ లోపలుండే డీకోడర్ అనే చిప్‌లోనూ ఊపందుకోడానికి ఒక సంఖ్య, ఆగడానికి ఒక సంఖ్య పెట్టుకోవచ్చు. "వెయ్యి టన్నుల బరువున్నట్టు అదే ఆగుతుంది" అన్నాడు ఆ పెద్దాయన. మామయ్య పావుగంట కదల్లేదు. వెనకవైపు జనానికి కనపడకుండా బళ్లు సిద్ధంగా ఉంచే ఎనిమిది లైన్ల ఫిడిల్ యార్డు, ఏ బండి తర్వాత ఏది పంపాలో రాసిన అట్టలు, టీ కప్పులు. బయటి జనానికి కనపడేదంతా నాటకం, అసలు పని అక్కడ జరుగుతుంది.

మా వాడికి అజూమా కావాలి. పెద్దాయన టేపు తీసి లెక్క చెప్పాడు: ఒక్కో పెట్టె అసలు 26 మీటర్లు, ఓఓలో 34 సెంటీమీటర్లు. తొమ్మిది పెట్టెల బండి మూడు మీటర్లు దాటుతుంది. అయిదు పెట్టెలదే 1.7 మీటర్లు. మా ఇంట్లో పట్టేది ఆరడుగుల బల్ల, దాని మీద ఆ బండి నిలబడితే ఇక ఊరికి చోటు లేదు. పైగా ఇరుకు మలుపుల్లో అంత పొడవు పెట్టెల మధ్యభాగం పట్టాలు దాటి లోపలికొచ్చి పక్క బండిని రాసుకుంటుంది. చిన్న ఇంట్లో కొత్తకాలం రైలు కట్టాలంటే డిపోనో గూడ్స్ యార్డో కట్టుకోండి, 28 సెంటీమీటర్ల ఇంజను, ఆరు వ్యాగన్లు చాలు, వ్యాగన్లని అటూఇటూ మార్చే షంటింగ్ పనీ ఉంటుంది అన్నాడు. నా ఓటూ దానికే. మా వాడు మాత్రం సాయంత్రందాకా మూతి ముడుచుకున్నాడు.

ఇక బస. రెండు రాత్రులకి ఫ్యామిలీ రూము 318 పౌండ్లు, టిఫిన్‌తో సహా. గది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మామయ్య మోకాళ్ల సంగతి బుకింగ్‌లోనే రాశాం, "నోట్ చేసుకున్నాం" అని జవాబూ వచ్చింది. ఏం నోట్ చేసుకున్నారో వాళ్లకే తెలియాలి. పిల్లాడికి అదనపు మంచం అన్నది నేల మీద పరుపు, దుప్పటి లేదు, రోజుకి 12 పౌండ్లు. హీటరు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే. మామయ్య కోటు, మంకీ క్యాపు వేసుకునే పడుకున్నారు. శాకాహార టిఫిన్ అంటే టోస్టు, బీన్సు, సగం టమాటా.

అది తినలేక ఆయన రాత్రి గదిలో పెరుగన్నంలోకి ఆవకాయ సీసా తీశారు. పొద్దున తలుపుకి కాగితం: గదుల్లో ఘాటైన ఆహారం నిషేధం, శుభ్రపరచడానికి 40 పౌండ్లు. మా ఆవిడ ఆ కాగితం పట్టుకుని కిందికి దిగింది. బుకింగ్ నిబంధనల్లో ఆ ముక్క ఎక్కడుందో చూపించమని ఫోన్ ఓనరు ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు, తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. చివరికి 40 కొట్టేశాడు, మంచం 24 మాత్రం వదల్లేదు. మామయ్య పక్కనే నిలబడి, "నాతోనే వచ్చింది బిడ్డా, నేనే కడతా" అంటుంటే నాకు మరీ ఒళ్లు మండింది.

రెండో రోజు నేషనల్ రైల్వే మ్యూజియం. ప్రవేశం ఉచితం, తప్పక చూడండి. రైలు నమూనాల ప్రదర్శనలో పాత బొమ్మ ఇంజన్లు కొనేవాళ్లకి ఒక మాట: పట్టా మీద పెట్టి నడిపి చూపించని దుకాణం దగ్గర ఆగొద్దు. ఒకచోట 65 పౌండ్ల ఇంజన్ నడిపి చూపించమంటే "పెట్టె మీద రాసుంది కదా" అన్నాడు. పక్క కొట్టువాడు అడక్కుండానే నడిపి చూపించాడు, 58కి ఇచ్చాడు.

ఈస్టర్‌కి యార్క్‌లో గదులు మండిపోతాయి. లీడ్స్‌లో దిగండి, రైల్లో అరగంట కూడా పట్టదు. ఆ గెస్ట్‌హౌస్ గురించి నేను రాసిన రివ్యూకి ఓనరు జవాబిచ్చాడు, మేం గదిలో వంట చేశామట. ఆ ఆవకాయ కలిపింది ఆయన గదిలో కాదు, కాజీపేటలో మా అత్తయ్య.