డెకరేటర్ ఇంటి పాత వెండి: స్టెర్లింగా, షెఫీల్డ్ ప్లేటా, గిల్టా?

న్యూయార్క్ ఇంటీరియర్ డెకరేటర్ మారియో బువాటా 2018లో పోయాక, 2020 జనవరిలో సోదబీస్ వాళ్ళు ఆయన సామాను వేలం వేశారు. పూల పూల చింట్జ్ గుడ్డతో ఇళ్ళు నింపేవాడని ఆయనకి 'ప్రిన్స్ ఆఫ్ చింట్జ్' అని పేరు (ఆ గుడ్డ పుట్టిల్లు వెతుక్కుంటూ పోతే మన మచిలీపట్నం తీరం దాకా రావాలి, అది వేరే కథ). వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ అతిథులు దిగే బ్లెయిర్ హౌస్‌ని 1980ల్లో మార్క్ హాంప్టన్ అనే ఇంకో డెకరేటర్‌తో కలిసి తీర్చిదిద్దింది కూడా ఈయనే. ఇలా పేరున్న డెకరేటర్ పోతే ఆ ఇంటి నుంచి అమ్మకానికొచ్చే పాత వెండిలో ఏది కొనాలి?

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. మనం వెండిని తక్కెట్లో వేసి చూస్తాం, డెకరేటర్ కంటితో చూస్తాడు. బల్ల మీద అందంగా ఉంటే చాలు, అసలు వెండైనా పూతైనా ఆయనకి ఒకటే. కాబట్టి అదే అలమరలో స్టెర్లింగ్, షెఫీల్డ్ ప్లేటు, గిల్టు మూడూ పక్కపక్కనే ఉంటాయి.

స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. ఇంగ్లండ్ సరుకైతే చిన్న చిన్న ముద్రలు వరసగా ఉంటాయి: నడుస్తున్న సింహం ఉంటే స్టెర్లింగ్, చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, ఒక అక్షరం ఏ ఏడో చెబుతుంది, పక్కన రాజు తలో రాణి తలో కూడా ఉంటే 1784కీ 1890కీ మధ్య పన్ను కట్టిన సరుకు. అమెరికావాటి మీద మామూలుగా 'స్టెర్లింగ్' అనే మాటే కొట్టి ఉంటుంది. అక్కడి గోరమ్ కంపెనీ సొంత గుర్తులో కూడా సింహం, లంగరు ఉంటాయి, చూసి బర్మింగ్‌హామ్ అనుకునేరు. స్టెర్లింగ్‌లో ధైర్యం ఏంటంటే ఎంత పడిపోయినా కరిగిస్తే వచ్చే ధర ఎక్కడికీ పోదు. నా లెక్కలో చెంచాలు, ఫోర్కులే మంచి బేరం, అందులోనూ ఎవరివో పొడి అక్షరాలు చెక్కినవి, ఎందుకంటే ఆ అక్షరాల వల్లే చాలామంది వాటి జోలికి పోరు. మన స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే కదా, మనకేం అభ్యంతరం? కొవ్వొత్తి స్టాండ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. అడుగున 'వెయిటెడ్' అనో 'లోడెడ్' అనో ఉంటే పైన పలచటి వెండి రేకు, లోపలంతా బరువు కోసం పోసిన సరుకు, తూకం చూసి మురిసిపోతే మునిగినట్టే. కత్తుల పిడులూ చాలావరకు అంతే, బోలుగా ఉండి లోపల లక్కలాంటిది నింపి ఉంటుంది.

ఇక నాకు బాగా ఇష్టమైంది పాత షెఫీల్డ్ ప్లేటు. 1740ల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊళ్ళో థామస్ బౌల్సోవర్ కనిపెట్టిన పని ఇది: రాగి దిమ్మ మీద వెండి రేకు పెట్టి, కాల్చి అతికించి, రెంటినీ కలిపే రేకుగా సాగదీస్తారు. మనం గిల్టు అనేదీ ఇదీ ఒకటి కాదు. రేకు కోసిన చోట రాగి కనపడుతుంది కాబట్టి అంచు చుట్టూ వెండి తీగ అతికేవాళ్ళు, ట్రే అంచు కింద గోరు పెట్టి లాగితే ఆ మెలిక తగులుతుంది. చెక్కడం పనికి పై వెండి చాలదని మధ్యలో విడిగా వెండి బిళ్ళ పొదిగేవాళ్ళు, దాని మీద నోటితో ఆవిరి ఊదితే కొన్నిటికి ఆ బిళ్ళ గీత బయటపడుతుంది. ఎత్తైన చోట్ల అరిగి లోపలి రాగి లేత గులాబీ రంగులో తొంగిచూస్తుంది, అదే దాని అందం. కరిగిస్తే చేతికొచ్చేది దాదాపు సున్నా, కాకపోతే అదే సైజు స్టెర్లింగ్ ట్రే ముందు ధర చాలా తక్కువ. దయచేసి మళ్ళీ పూత వేయించకండి, ఉన్న విలువ కూడా పోతుంది.

1840లో బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్ వాళ్ళు కరెంటుతో పూత వేసే పేటెంటు తీసుకున్నాక ఆ పాత పని కనుమరుగైపోయింది. అప్పటి నుంచి వచ్చిందంతా ఎలక్ట్రోప్లేటు, అంటే మన గిల్టు. 'ఈ.పీ.ఎన్.ఎస్.' అని కొట్టి ఉంటే నికెల్ మిశ్రమం మీద పూత అన్నమాట. 'మేడ్ ఇన్ షెఫీల్డ్' అని ఉన్నంత మాత్రాన పాత షెఫీల్డ్ అయిపోదు. నలుగురొచ్చినప్పుడు టెన్షన్ లేకుండా వాడటానికి బాగుంటుంది, దానికి పాత వస్తువు ధర మాత్రం పెట్టొద్దు.

సో, చెంచాలు స్టెర్లింగ్‌లో, ట్రేలూ కొవ్వొత్తి స్టాండ్లూ షెఫీల్డ్ ప్లేటులో. డెకరేటర్ పేరుకి ఎక్కువ పెట్టాలా అంటే, కేటలాగు పేజీ, లాట్ చీటీ (వేలంలో ఆ వస్తువుకిచ్చిన నంబరు చీటీ) చేతికొస్తేనే, అదీ కొద్దిగా. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ కాయితం లేకపోతే ఆ పేరు ఎవరూ నమ్మరు. పైగా పెద్ద వేలం సంస్థలు పాడిన ధర మీద పావు వంతుకి అటూ ఇటూగా కమిషన్ కలుపుతాయి, పాడే ముందే ఆ లెక్క వేసుకోండి. ఇంటికి తెచ్చాక కుందుల్లాగా విభూతితో రుద్దడం స్టెర్లింగ్‌కి మెల్లగా అయితే ఫరవాలేదు, షెఫీల్డ్ ప్లేటుకి వద్దే వద్దు. స్టెర్లింగ్‌కైనా ముద్రలున్న చోటు వదిలేయండి, సింహం అరిగిపోయిన చెంచాకి వెండి ధర తప్ప ఇంకేం రాదు.