సోయా మేతతో ఫంగస్ చేప పెంపకం: మూడు పంటలు తీశాక నా మాట

కైకలూరు పక్కన మాకు రెండు చెరువులున్నాయి. రెండింట్లోనూ పంగాసియస్ చేపే, మా ఊళ్లో ఫంగస్ అంటాం. మూడు పంటలుగా ఒకదానికి ఎండుచేప పొడి కలిసిన తేలే మేత, రెండోదానికి సోయా చెక్క, మొక్కజొన్న, తవుడుతో చేసిన మేత వేస్తున్నాను. రెండు రకాల బస్తాల మీదా ప్రోటీన్ 28 శాతమనే రాసుంటుంది. చేప ఎదుగుదల మాత్రం ఒకేలా లేదు.

మొదటి పంటలో పిల్ల వదిలిన నాటి నుంచే సోయా మేత వేశాను. అది తప్పు. వేలెడంత పిల్లకి ఆ మేత ఒంటబట్టలేదు. పొద్దున్నే గట్టు మీద నిలబడి చల్లితే చేపపొడి మేత వేసే పక్క చెరువులో నీళ్లు ఉడికినట్టు కదిలేవి. ఇక్కడేమో గింజలు గాలికి కొట్టుకుపోయి మూలన నాని పడుండేవి. మూడో నెలలో శాంపిల్ వల వేస్తే ఆ చెరువు చేప 250 గ్రాములు తూగింది, ఇది 170 దాటలేదు. కొన్నింటికి తల పెద్దగా, ఒళ్లు సన్నగా ఉంది. లీజు, కరెంటు బిల్లు, మేత బాకీ తలచుకుని ఆ రాత్రంతా టెన్షనే.

సోయాలో ప్రోటీన్ దండిగా ఉన్నా, చేప ఎదుగుదలకి కావాల్సిన మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అందులోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉండిపోయి చేపకి అందదు. సరిగ్గా వేడి తగలని సోయా అయితే అరుగుదలనే అడ్డుకుంటుంది. అందుకే మిథియోనిన్, ఆ భాస్వరాన్ని విడదీసే ఫైటేజ్ అనే ఎంజైమ్ కలిపారో లేదో అడగకుండా ఇప్పుడు లోడు దింపించుకోను. అమెరికాలో మిసిసిపి రైతులు మన ఫంగస్‌కి బంధువైన క్యాట్‌ఫిష్‌ని ఏళ్ల తరబడి ప్రధానంగా సోయా చెక్క మీదే పెంచుతున్నారు, కాబట్టి సోయాని తప్పుపట్టను.

రెండో పంట నుంచి 100 గ్రాములు వచ్చేదాకా చేపపొడి మేతే వేశాను. తర్వాత పది రోజులు సగం సగం, ఆపైన అంతా సోయా. మొన్నటి పట్టుబడిలో కిలో చేపకి 1.6 కిలోల మేత పట్టింది, పక్క చెరువులో 1.5. బస్తా ధర తక్కువ కావడంతో మిగులు సోయా చెరువులోనే ఎక్కువ కనిపించింది. నా ఓటు దానికే.

ఒక బాధ మాత్రం మిగిలింది. రెండో పంటలో ఒక లోడు మేతలో మొక్కజొన్న గ్లూటెన్ (మొక్కజొన్న నుంచి తీసే ప్రోటీన్ పొడి) ఎక్కువైంది. చేపని కోస్తే కండ పసుపుపచ్చగా ఉంది. రుచిలో తేడా లేదని ఎంత చెప్పినా వ్యాపారి వినలేదు, రేటు తగ్గించేశాడు. గ్లూటెన్ ఎంత కలిపారో ముందే కనుక్కోండి.

వానాకాలం నిల్వ దగ్గర ఏమరుపాటు వద్దు. బూజు పట్టిన మేతలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, వేరుశనగ చెక్క కలిసినదైతే ఆ భయం ఇంకా ఎక్కువ. నేను బస్తాలని చెక్క పలకల మీద, గోడకి జానెడు ఎడంగా పేరుస్తాను. మూతి విప్పగానే మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాను. లోపల వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా ఆ బస్తా చెరువులోకి వెళ్లదు.